రఫ్ కనిపించింది, బ్రాట్ కనిపించలేదు: ఒక స్క్రాబుల్ కేస్ స్టడీ

స్క్రాబుల్ అంటే టైల్స్ అనే అక్షరాల బిళ్లలను గడుల బోర్డు మీద పేర్చి ఇంగ్లీషు మాటలు కట్టే ఆట. చేతికొచ్చిన ఏడు టైల్స్‌ను నిలబెట్టుకునే చెక్కను ర్యాక్ అంటారు. ఈ ఆట నేర్చుకునే తెలుగు పిల్లల్లో చాలామందికి మాటల కొరత ఉండదు. తెలిసిన మాటే ర్యాక్ మీద ఉన్నా కళ్లకు ఆనకపోవడం వాళ్ల ఇబ్బంది. ఇంకా మాటలు బట్టీ పట్టమంటే ఇది తీరదు. హైదరాబాద్‌లో తొమ్మిదో తరగతి చదువుతూ నా దగ్గర శిక్షణ తీసుకుంటున్న ఒక అమ్మాయి విషయంలో ఈ ఇబ్బంది ఎక్కడ పుట్టిందో, దాని మీద ఏం పని చేశామో, ఆ పని వల్ల కొత్తగా ఏ చిక్కు వచ్చిందో ఇక్కడ వివరంగా రాస్తున్నాను. పిల్లలకు పదక్రీడలు నేర్పేవాళ్లకు, సొంతంగా ఆడుకునేవాళ్లకు పనికొస్తుందని నా నమ్మకం.

ముందే ఒక మాట. ఇంగ్లీషు అక్షరాల వరుసను చెప్పాల్సిన చోట ఆ అక్షరాల పేర్లను అడ్డగీతతో కలిపి రాశాను. ఓ-యూ-జీ-హెచ్ అంటే ఆ నాలుగక్షరాలూ అదే వరుసలో, మధ్యలో మరేదీ లేకుండా వచ్చాయని అర్థం.

వచ్చినప్పటి పరిస్థితి

అమ్మాయిది ఇంగ్లీషు మీడియం, ఇంట్లో మాట్లాడేది తెలుగు. తల్లిదండ్రులది నల్గొండ వైపు. కథల పుస్తకాలు బాగా చదువుతుంది. మన దేశంలో పోటీలు ఆడేది కాలిన్స్ పదజాబితాతో. అందులో రెండక్షరాల మాటలు 127 ఉన్నాయి, అవన్నీ ఆమెకు నోటికి వచ్చు. మూడక్షరాలవీ చాలా వరకు వచ్చు. అయినా బింగోలు పడేవి కావు. ఏడు టైల్స్‌నూ ఒకే ఎత్తులో దింపితే 50 పాయింట్ల బోనస్ వస్తుంది, దాన్నే ఆటగాళ్లు బింగో అంటారు. కాస్త పైస్థాయి ఆటలో గెలుపోటములను ఎక్కువగా తేల్చేది అదే.

వాళ్లమ్మగారు మొదటిరోజే బాధపడ్డారు: "డిక్షనరీ పట్టుకునే కూసుంటది సార్. బోర్డు మీదికొచ్చేసరికి చిన్న చిన్న మాటలే పెడుతది."

కొత్తగా వచ్చిన పిల్లలెవరికైనా నేను మొదట ఒక పని అప్పజెబుతాను. ప్రతి ఎత్తుకు ముందు ర్యాక్‌లో ఉన్న ఏడక్షరాలు, బోర్డు మీద పెట్టిన మాట, చేతిలో మిగిలిన అక్షరాలు ఒక కాగితం మీద రాసుకోవాలి. పాయింట్ల లెక్క ఓడామా గెలిచామా అన్నది చెబుతుంది. ఏం చూడలేకపోయామో చెప్పేది ఈ కాగితమే. ఆమె తెచ్చిన కాగితాల్లో ఒక ఆట మొదటి ఎత్తు దగ్గర నా వేలు ఆగింది.

ఒక్క ఎత్తు, రెండు లెక్కలు

ర్యాక్‌లో ఉన్నవి బీ, జీ, హెచ్, ఓ, ఆర్, టీ, యూ. బోర్డు ఖాళీ, మొదటి ఎత్తు ఆమెదే. ఆమె రఫ్ పెట్టింది, ఆర్-ఓ-యూ-జీ-హెచ్. ఆర్‌ను మధ్యలోని నక్షత్రం గడి మీద ఉంచి, కుడివైపుకి రాసుకుంటూ పోయింది. నక్షత్రానికి నాలుగు గడుల అవతల అక్షరం విలువ రెట్టింపయ్యే గడి ఉంటుంది. హెచ్ సరిగ్గా దాని మీద పడింది. హెచ్ విలువ 4, అది 8 అయింది. మిగతా నాలుగూ కలిపి 5. మొత్తం 13, నక్షత్రం వల్ల రెట్టింపై 26. మొదటి ఎత్తుకు 26 అంటే చూడ్డానికి బాగానే ఉంది. ఆమె కూడా దాన్ని మంచి ఎత్తుగానే గుర్తుపెట్టుకుంది.

చేతిలో మిగిలినవి బీ, టీ.

ఆ రెండింటినీ రఫ్‌కు చెరో వైపు పెట్టి చూడండి. ముందు బీ, వెనక టీ. బీ-ఆర్-ఓ-యూ-జీ-హెచ్-టీ. బ్రాట్. మూడో తరగతి పిల్లలకు కూడా తెలిసిన మాట, తీసుకొచ్చాను అనడానికి వాడేది. అదే వరసలో, అదే హెచ్‌ను అదే గడి మీద ఉంచి, బీని నక్షత్రానికి ఒక గడి ముందు మొదలుపెడితే అక్షరాల విలువ 17, రెట్టింపైతే 34, బోనస్ 50. మొత్తం 84.

కాగితం ఆమె ముందు పెట్టి, ఇక్కడ ఇంకేమైనా కనిపిస్తోందా అని అడిగాను. చాలాసేపు చూసింది. "రఫ్ తప్ప ఇంకేం కనవడ్తలేదు సార్" అంది. బీని, టీని వేలితో చెరో పక్కకి జరిపాను. అప్పుడు చదివింది, ఒక్కో అక్షరం పలుకుతూ.

ఆ ఎత్తుకు మరో నష్టం కూడా ఉంది. రఫ్ చివర నుంచి బోర్డు అంచు వరకు మూడే గడులు మిగిలాయి. అంచున ఉన్నది మాట విలువను మూడు రెట్లు చేసే గడి. అవతలి ఆటగాడు ఐ-ఎన్-జీ తగిలించి రఫింగ్ చేశాడు. మూడంటే మూడు మామూలు టైల్స్‌తో 39 పాయింట్లు. ఏ-జీ-ఈ ఉన్నా అతనికి అంతే వచ్చేది, రఫేజ్ అయ్యేది. రఫ్‌నే పెట్టాలనుకున్నా ఒక గడి ఎడమకు జరిపి ఉంటే హెచ్ రెట్టింపు పోయి 18 వచ్చేవి, కానీ మూడక్షరాల తోకలేవీ ఆ అంచు గడికి అందేవి కావు. ఓ-యూ-జీ-హెచ్‌తో ముగిసే మాటను బోర్డు మీద పెట్టేటప్పుడు వెనక ఎన్ని గడులున్నాయో లెక్కపెట్టడం తప్పనిసరి. ఈ మాటలకు తోకలు చాలా సులువుగా అతుక్కుంటాయి.

ఎందుకు కనిపించలేదు

బ్రాట్ ఆమెకు తెలియని మాట కాదు. రఫ్‌ను చూడగలిగింది కాబట్టి ఓ-యూ-జీ-హెచ్ వరుసా తెలియనిది కాదు. రెండూ తెలిసీ, ఒకదానిలో ఒకటి ఉన్న సంగతి తెలియలేదు. ఎందుకంటే రఫ్ అనే చప్పుడుకు ముందు బ్‌, వెనక ట్‌ చేర్చితే బ్రఫ్ట్ అవుతుంది. అలాంటి మాట లేదు. అక్కడితో ఆమె మనసు ఆ దారి మూసేసింది. బ్రాట్ అనే చప్పుడులో రఫ్ ఎక్కడా వినిపించదు మరి.

తెలుగు చదవడం నేర్చుకున్నవాళ్లకు ఈ అలవాటు బలంగా ఉంటుందని నా అనుభవం. మనం రాసినట్టే చదువుతాం, చదివినట్టే రాస్తాం. గుణింతాలు, ఒత్తులు వచ్చిన పిల్ల ఎప్పుడూ వినని మాటనైనా తప్పు లేకుండా చదివేస్తుంది. మన అక్షరంలోనే హల్లూ అచ్చూ కలిసి ఉంటాయి. బ్రా అన్నది మనకు ఒక అక్షరం, రా-వత్తుతో సహా ఒకే ముద్ద. ఇంగ్లీషు మాటను కూడా మనసు అలాగే దాచుకుంటుంది, బ్రాట్ అని. స్క్రాబుల్ ర్యాక్ మీద ఆ ముద్ద ఉండదు, దాన్ని విడగొట్టిన ఏడు ముక్కలుంటాయి. చప్పుడుతో దాచుకున్న మాటను ముక్కలతో వెతకడం కష్టం.

దీన్ని తేల్చుకోవడానికి రెండు చిన్న పరీక్షలు పెట్టాను. లైట్‌తో ప్రాస కలిసే మాటలు రాయమన్నాను. నైట్, కైట్, బైట్, వైట్, ఫైట్ అని ఆగకుండా రాసింది. ఐ-జీ-హెచ్-టీ వరుస ఉన్నవీ, ఐ-టీ-ఈతో ముగిసేవీ కలిసిపోయాయి. తర్వాత ఐ-జీ-హెచ్-టీ అక్షరాలున్న మాటలే రాయమన్నాను. వేగం పడిపోయింది. ఎయిట్, వెయిట్, ఫ్రెయిట్ అసలు రాయనే లేదు. అక్షరాల్లో అవి లైట్‌కు సొంత అక్కచెల్లెళ్లే. చప్పుడు వేరు కావడంతో ఆమె వాటిని వేరే ఇంట్లో పెట్టుకుంది.

గొలుసు పుస్తకం

అక్షరక్రమంలో మాటల జాబితాలు చదవడం మాన్పించాను. డిక్షనరీలో బ్రాట్ బీ దగ్గర, డ్రౌట్ డీ దగ్గర, రాట్ డబ్ల్యూ దగ్గర ఉంటాయి. వాటి చుట్టరికం అక్కడ కనిపించదు. వాటి బదులు ఒక వెడల్పు నోట్‌బుక్ తెప్పించి పేజీని మూడు నిలువు భాగాలు చేయించాను. మధ్యలో గొలుసు, ఎడమవైపు దాని ముందు చేరే అక్షరాలు, కుడివైపు వెనక చేరేవి. గొలుసు అని నేను అనేది చాలా మాటల్లో మారకుండా వచ్చే అక్షరాల వరుసను.

మొదటి పేజీకి గొలుసుగా ఓ-యూ-జీ-హెచ్ కాకుండా రఫ్ మొత్తాన్ని, అంటే ఆర్-ఓ-యూ-జీ-హెచ్‌ను పెట్టాను. ఆమెకు పోయినది దాని దగ్గరే కనుక. ఆ పేజీ నిండాక ఇలా ఉంది: ముందు టీ చేరితే ట్రాఫ్, పశువులకు నీళ్లు పెట్టే తొట్టి. టీ-హెచ్ చేరితే త్రూ. బీ-ఓ చేరితే బరో. టీ-హెచ్-ఓ చేరితే థరో. ముందు బీ, వెనక టీ అయితే బ్రాట్. ముందు డీ, వెనక టీ అయితే డ్రౌట్, కరువు. ముందు డబ్ల్యూ, వెనక టీ అయితే రాట్, మలిచిన ఇనుపపని గురించి చెప్పేటప్పుడు వచ్చేది. ఒక్క రఫ్ నుంచి ఇన్ని, పలికే తీరులు మాత్రం రకరకాలు. ఈ పేజీని ఆమె గట్టిగా చదివినప్పుడు ఇంగ్లీషు తీరు మీద ఆమెకు మొదటిసారి కోపం వచ్చింది. నాకు సంతోషమేసింది. ఎందుకంటే, ఆ కోపం వచ్చిందంటే చప్పుడును పక్కన పెట్టాలని తనకే తోచిందన్నమాట.

రెండో పేజీ ఎల్-ఓ-యూ-జీ-హెచ్. లాక్ అని పలుకుతారు, ఐర్లండ్‌లో సరస్సు. ముందు పీ పెడితే ప్లౌ, నాగలి. ఎస్ పెడితే పాము విడిచే కుబుసం, చర్మం ఊడిపోవడం, బురదగుంట అన్నింటికీ పనికొచ్చే మాట. సీ పెడితే ఇరుకైన లోయ. ఇలా ఉన్న మాట ముందో వెనకో ఒక్క అక్షరం చేరి కొత్త మాట అవడాన్ని హుక్ అంటారు. బోర్డు మీద అవతలివాళ్లు పెట్టిన మాటను మనం వాడుకునే దారి అది. మూడో పేజీలో వెనక టీ చేరేవి: బౌ అంటే కొమ్మ, దానికి టీ చేరితే బాట్, కొన్నాను. దో అంటే అయినప్పటికీ, టీ చేరితే థాట్. ఎస్-ఓ-యూ-జీ-హెచ్ అంటే చెట్ల మధ్య గాలి చేసే చప్పుడు, టీ చేరితే సాట్, వెతికాను.

పేజీ రాయడంతో పని అయిపోదు. టైల్స్‌తో చేయించాను. ర్యాక్ మీద ఓ, యూ, జీ, హెచ్‌లను దగ్గరగా జరిపి పెట్టుకోవాలి, వాటిని ఇక కదపకూడదు. మిగిలిన మూడు టైల్స్‌ను ఒక్కోటీ ముందుకూ వెనక్కూ తిప్పాలి. నోటితో మాటను పలకకూడదు, అక్షరాల పేర్లే పలకాలి. ఓ-యూ-జీ-హెచ్ అని నాలుగింటినీ ఎక్కాల లయలో ఒక్క ఊపిరిలో చెప్పడం ఆమెకు త్వరగా పట్టుబడింది. చప్పుడును మన్నించని ఒక కొత్త చప్పుడు చెవికి దొరికింది. ఈ కేసులో నేను చేసిన పనులన్నింటిలో ఎక్కువ ఫలితమిచ్చింది ఇదే అనుకుంటాను. పిల్లల చెవిని మూయించలేం, దానికి వేరే పాఠం వినిపించగలం.

ఏ-యూ-జీ-హెచ్-టీ-ఈ-ఆర్ దగ్గర ఆమె ముఖం వెలిగింది. ముందు డీ పెడితే డాటర్, కూతురు. ఎల్ పెడితే లాఫ్టర్, నవ్వు. ఆ నవ్వు ముందు ఎస్ పెడితే స్లాటర్, ఊచకోత. బోర్డు మీద లాఫ్టర్ ఉండి చేతిలో ఎస్ ఉన్నవాళ్లు ఆ ఎస్‌ను చివర పెట్టి బహువచనం చేయడమే చూస్తారు. ముందు కూడా చోటుందని తెలిసినవాళ్లకు రెండు దారులు.

సంచిలో హెచ్‌లు రెండే

ఈ గొలుసులన్నీ ఒక అక్షరం మీద ఆధారపడి ఉన్నాయి. స్క్రాబుల్ సంచిలో 100 టైల్స్ ఉంటాయి, ఏ అక్షరంగానైనా వాడుకోగల రెండు ఖాళీవి పోగా 98 అక్షరాలు. అందులో ఈ-లు 12, ఏ-లు 9, యూ-లు 4, జీ-లు 3. హెచ్‌లు రెండే. 1930ల మాంద్యంలో ఉద్యోగం పోయిన అమెరికన్ ఆర్కిటెక్ట్ ఆల్‌ఫ్రెడ్ బట్స్ ఈ ఆటను తయారు చేస్తూ న్యూయార్క్ టైమ్స్ లాంటి పత్రికల్లో అక్షరాలు ఎన్నిసార్లు వస్తున్నాయో లెక్కపెట్టి ఈ పంపకం చేశాడు. అయినా మామూలు ఇంగ్లీషు చదువులో హెచ్ మన కంటికి పడేంత తరచుగా సంచిలో ఉండదు. చదువు బాగా ఉన్న పిల్లలు ఇక్కడే ఎక్కువ ఆశ పెట్టుకుంటారు.

కాబట్టి ఆమెకు హెచ్‌ల లెక్క అలవాటు చేశాను. మొదటి హెచ్ బోర్డు మీద ఎవరికీ అందని మూలన ఇరుక్కుపోయిందంటే త్రూ, థరో, థాట్, దో, ఛఫ్ అనే పక్షి పేరు... వీటిలో రెండు హెచ్‌లు కావలసినవాటినన్నింటినీ మనసులో కొట్టేయాలి. త్రూలో రెండు, థరోలో రెండు, దోలో రెండు, థాట్‌లో రెండు, ఛఫ్‌లో రెండు. ఖాళీ టైల్ చేతిలో ఉంటే తప్ప అవి ఇక రావు. రెండో హెచ్ కూడా అలాగే పోతే ఓ-యూ-జీ-హెచ్ పేజీ మొత్తం మూసేయొచ్చు. చేతిలో ఓ, యూ, జీ పట్టుకుని హెచ్ కోసం కాచుకు కూర్చోవడం అప్పుడు దండగ. ఏ గొలుసు బతికుందో ఏది పోయిందో తెలిసినవాళ్లే ఆట చివర్లో టైల్స్‌ను సరిగా పట్టుకుంటారు, వదులుకుంటారు.

చెవిని నమ్మదగిన చోటు

చెవిని నమ్మొద్దని ఇన్నాళ్లు చెప్పినవాడిని, ఒక జాతి మాటల దగ్గర నమ్మమనే చెప్పాను. మన భాషల్లోంచి ఇంగ్లీషులోకి పోయినవి అవి. వాటిని ఇంగ్లీషువాళ్లు విన్నట్టుగా రాసుకున్నారు కాబట్టి చప్పుడుకూ అక్షరాలకూ పొత్తు కుదురుతుంది. మనం వత్తి పలికిన చోట ఒక హెచ్ చేరుతుంది. బీ-హెచ్‌తో మొదలయ్యేవి: భజన్, భాజీ, భంగ్, భాంగ్రా, భక్తి, భిండీ, భునా. డీ-హెచ్‌తో మొదలయ్యేవి: ధోతీ, ధోబీ, ధర్మ, ధర్నా, ఢోల్, ఢాబా. ఇవన్నీ కాలిన్స్‌లో ఉన్నాయి. లండన్ ఆటగాడు ఇవన్నీ బట్టీ పట్టాలి. మా అమ్మాయికి వీటిలో చాలావాటి అర్థాలు, పలికే తీరు పుట్టుకతో వచ్చినవే. ఇడ్లీ, దోస, వడ కూడా చెల్లుతాయని చెప్పినప్పుడు నమ్మలేదు, పుస్తకం తీసి చూపించాల్సి వచ్చింది. పందికొక్కు నుంచి పుట్టిన బాండికూట్ కూడా ఇంగ్లీషు మాటే కదా అన్నాను. ఆ రోజు ఇంటికెళ్లి వాళ్ల నానమ్మకు చెప్పిందట.

క్యూ విషయంలో హైదరాబాద్‌లో పెరగడం ఒక వరం. క్యూ విలువ 10, సంచిలో ఒక్కటే ఉంటుంది. ఇంగ్లీషు మాటల్లో దాని వెంట దాదాపు ఎప్పుడూ యూ ఉంటుంది కనుక యూ లేకుండా క్యూ చేతిలో పడితే కొత్తవాళ్లు బెంబేలెత్తుతారు. క్యూ-ఐ అనే రెండక్షరాల మాట అందరికీ తెలుసు, చైనావాళ్లు చెప్పే ప్రాణశక్తి. అది కుదరనప్పుడు ఏం చేయాలి? చార్మినార్ చుట్టుపక్కల వినపడే మాటలు గుర్తుచేసుకోమన్నాను. నికాబ్, బుర్ఖా, తలాఖ్, ఫకీర్, వక్ఫ్, ఖవ్వాలీ, ఖిబ్లా, ఖోర్మా. వీటన్నింటిలో యూ తోడు లేని క్యూ ఉంది. అరబ్బీ, ఉర్దూ రాతలో ఖాఫ్ అనే అక్షరం ఉన్న చోట ఇంగ్లీషులో క్యూ వచ్చింది. తెలుగులో మనం దాన్ని క అనో ఖ అనో రాసేస్తాం కాబట్టి తెలుగు రాతను చూసి క్యూ పెట్టేయకూడదు. ఖాదీలో, ఖాకీలో క్యూ లేదు, కే-హెచ్ ఉంది. ఉర్దూ వచ్చిన క్లాస్‌మేట్‌ను అడిగి తెలుసుకోమన్నాను. అడిగింది, తన గొలుసు పుస్తకంలో ఒక పేజీ ఆ స్నేహితురాలి చేతే రాయించుకుని వచ్చింది.

అమెరికాలోని స్పెల్లింగ్ బీ పోటీల్లో మన పిల్లలు గెలవడం వెనక కూడా ఇలాంటి చూపే ఉంది. 2024లో తెలుగు మూలాలున్న బృహత్ సోమ గెలిచాడు, టైబ్రేక్‌లో 90 సెకన్లలో 29 మాటలకు తప్పులేకుండా అక్షరాలు చెప్పాడు. గెలిపించిన మాట ఆబ్సైల్, తాడు పట్టుకుని కొండ దిగడం, జర్మన్ నుంచి వచ్చినది. ఆ పోటీలో మాట ఏ భాష నుంచి వచ్చిందని అడిగే హక్కు పిల్లలకు ఉంటుంది. జర్మన్ అంటే ఏ అక్షరాల గొలుసు వస్తుందో, గ్రీకు అంటే ఏది వస్తుందో వాళ్లకు తెలుసు. స్క్రాబుల్‌లో అడగడానికి ఎవరూ ఉండరు, కాబట్టి ఆ జవాబు ముందే పేజీలో ఉండాలి.

వర్డిల్‌లో అదే గొలుసు ఉచ్చు

ఆమె ఫోన్‌లో రోజూ వర్డిల్ ఆడుతుంది. జోష్ వార్డిల్ తయారు చేసిన ఆట, 2021 చివర్లో జనంలోకి వచ్చింది, 2022లో న్యూయార్క్ టైమ్స్ కొనుక్కుంది. ఐదక్షరాల రహస్యపు మాటను ఆరు ప్రయత్నాల్లో కనుక్కోవాలి. మనం వేసిన అక్షరం జవాబులో ఉంటే దాని గడి రంగు మారుతుంది, సరైన చోటే ఉంటే పచ్చబడుతుంది. గొలుసులు బాగా వచ్చాక ఇక్కడ ఆమె ఎక్కువగా ఓడడం మొదలైంది. వాళ్లమ్మగారు కంగారుపడ్డారు. కారణం తేలిగ్గానే దొరికింది.

మూడో ప్రయత్నానికల్లా చివరి నాలుగు గడులు పచ్చబడ్డాయి, ఐ-జీ-హెచ్-టీ. మొదటి అక్షరం ఒక్కటే మిగిలింది. ఇంకేముంది అనుకుని ఆమె లైట్, మైట్, రైట్ అని వరసగా వేసుకుంటూ పోయింది. మిగిలినవి మూడు ప్రయత్నాలు. జవాబుగా రావచ్చని మేం లెక్కలోకి తీసుకున్న మొదటి అక్షరాలు తొమ్మిది: ఈ, ఎఫ్, ఎల్, ఎమ్, ఎన్, ఆర్, ఎస్, టీ, డబ్ల్యూ. గుడ్డిగా వేస్తే మూడింట ఒక వంతు అవకాశం. స్క్రాబుల్‌లో గొలుసు ఎంత పెద్దదైతే మనకు అంత సంపద. వర్డిల్‌లో గొలుసు ఎంత పెద్దదైతే అంత ప్రమాదం.

ఇలాంటప్పుడు గొలుసును వదిలేసి, మొదటి అక్షరాలను గుంపుగా పట్టుకునే మాట వేయాలి. ఆమెకు చూపించిన దారి ఇది. నాలుగో ప్రయత్నంగా ఫిల్మ్స్. అందులో ఎఫ్, ఎల్, ఎమ్, ఎస్ నాలుగూ ఉన్నాయి. వీటిలో ఏదో ఒకటి రంగు మారితే జవాబు తెలిసిపోయినట్టే, ఫైట్, లైట్, మైట్, సైట్‌లలో అదే. ఏదీ మారకపోతే మిగిలేవి ఐదు. ఐదో ప్రయత్నంగా రెన్యూ, ఆర్-ఈ-ఎన్-ఈ-డబ్ల్యూ. ఆర్ మెరిస్తే రైట్, ఈ అయితే ఎయిట్, ఎన్ అయితే నైట్, డబ్ల్యూ అయితే డబ్ల్యూ-ఐ-జీ-హెచ్-టీ. ఏదీ మెరవకపోతే టైట్. ఆరో ప్రయత్నంలో జవాబు ఖాయం. మూడింట ఒక వంతు ఉన్నది నూటికి నూరు అయింది. హార్డ్ మోడ్ పెట్టుకున్నవాళ్లకు మాత్రం ఈ దారి లేదు, పచ్చబడ్డ అక్షరాలను వాళ్లు కదపలేరు. అందుకని వాళ్లు నాలుగు గడులు పచ్చబడకముందే జాగ్రత్తపడాలి.

ఓ-యూ-ఎన్-డీ కూడా అంతే ప్రమాదకరం: బౌండ్, ఫౌండ్, హౌండ్, మౌండ్, పౌండ్, రౌండ్, సౌండ్, వూండ్. ఏ-టీ-సీ-హెచ్ కూడా. ఆమె గొలుసు పుస్తకంలో ఇలాంటి పేజీల మూలన ఎర్ర పెన్నుతో గుర్తు పెట్టించాను.

ఫలితం, కొత్తగా పుట్టిన చిక్కు

బింగోలు పెరిగాయి. అన్నింటికంటే నాకు తృప్తినిచ్చింది ఒక మామూలు సాయంత్రపు ఆటలో జరిగింది. ర్యాక్‌లో డీ, జీ, హెచ్, ఓ, ఆర్, టీ, యూ పడ్డాయి. ఆమె నాలుగు టైల్స్‌ను దగ్గరికి జరిపింది, ఆర్‌ను వాటి ముందుకు తెచ్చింది, డీని ఇంకా ముందుకు, టీని వెనక్కు. పెదాలు కదిలాయి గానీ మాట పలకలేదు. డ్రౌట్ దించింది.

తర్వాత ఒక పోటీలో ఎఫ్-ఆర్-ఓ-యూ-జీ-హెచ్-టీ పెట్టింది. బ్రాట్ ఉంది, డ్రౌట్ ఉంది, రాట్ ఉంది, ఎఫ్‌తో కూడా ఉంటుందని నమ్మింది. అవతలివాళ్లు చాలెంజ్ చేశారు. జాబితాలో లేదు. టైల్స్ వెనక్కి, ఎత్తు పోయింది. గొలుసుతో నేర్చుకున్నవాళ్లకు ఇది తప్పకుండా వచ్చే జబ్బు. గొలుసు మనసులో బలపడ్డాక ప్రతి అక్షరమూ దానికి అతుక్కునేటట్టే కనిపిస్తుంది. చప్పుడు అడ్డుపడినన్నాళ్లు ఉన్న మాటలు కనిపించలేదు, చప్పుడు అడ్డు తొలగాక లేనివి కూడా కనిపిస్తున్నాయి.

ఎఫ్-ఆర్‌తో ఉన్నది ఫ్రాట్, అది పక్క గొలుసు. ఏ-యూ-జీ-హెచ్-టీ. అందుకే ఇప్పుడు ఆ రెండు గొలుసులనూ ఎదురెదురు పేజీల మీదికి తెచ్చాం. ఆర్ ముందు ఏ అక్షరం ఏ వైపుకు పోతుందో రాయించాను. బీ, డబ్ల్యూ ఓ-యూ-జీ-హెచ్-టీ వైపుకే. ఎఫ్ ఏ-యూ-జీ-హెచ్-టీ వైపుకే. డీ రెండు వైపులకూ పోతుంది, డ్రౌట్, డ్రాఫ్ట్ రెండూ ఉన్నాయి. ఆర్ లేకుండా అయితే లెక్క మారుతుంది: బీ, ఎఫ్ ఓ-యూ-జీ-హెచ్-టీ వైపుకు పోయి బాట్, ఫాట్ అవుతాయి. సీ, టీ ఏ-యూ-జీ-హెచ్-టీ వైపుకు పోయి కాట్, టాట్ అవుతాయి. ఎన్ రెండింటికీ. ఎఫ్ ఆర్ తోడుంటే ఒక పేజీ, లేకపోతే ఎదుటి పేజీ. ఆమెను తడబరిచింది సరిగ్గా ఈ ఒక్క అక్షరమే.

ప్రస్తుతం ఆమె ప్రతి పేజీ అడుగున "లేనివి" అని ఒక వరస రాస్తోంది. ఉండాలనిపించి లేకుండా పోయిన మాటలు అందులోకి వెళ్తాయి. మొదటిది ఎఫ్‌దే. ఆట ముందు రోజు ఉన్నవాటికంటే ఈ వరసనే ఎక్కువసేపు చదవమని చెబుతున్నాను.